ఇంటి నుంచే ఓటు: 12-డి ఫారం ఎవరికి, ఎలా?

తిరువాలంగాడు, తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాల మన తెలుగు ఇళ్ళలో మంచం దిగలేని పెద్దలు, వికలాంగులు ఉన్నారు. పోలింగు కేంద్రానికి వెళ్ళలేనంత మాత్రాన వారి ఓటు వృథా కానక్కర్లేదు. అధికారులే ఇంటికి వచ్చి ఓటు వేయిస్తారు. అయితే దరఖాస్తుకు గడువు చాలా తక్కువ. అందుకే ముందుగా ఈ వివరాలు అందిస్తున్నాం.

ఎప్పటి నుంచి?
1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలను 2019 అక్టోబరులో సవరించి ఈ వీలు కల్పించారు. అదే ఏడాది జార్ఖండ్‌లో కొన్ని నియోజకవర్గాల్లో మొదలైంది. 2021 శాసనసభ ఎన్నికల్లో తమిళనాడుకు, 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటికీ వచ్చింది.

ఎవరు అర్హులు?
40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కలిగినవారు. 85 ఏళ్ళు దాటినవారు. వృద్ధుల వయసు హద్దు మొదట 80 ఏళ్ళు. 2024లో 85 చేశారు.

ఏం చేయాలి?
ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన 5 రోజుల్లోగా 12-డి ఫారం నింపి ఇవ్వాలి. బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) ఫారం ఇంటికి తెచ్చి ఇచ్చి, నింపాక తీసుకువెళ్తారు. వికలాంగులు ధ్రువపత్రం నకలు జతచేయాలి. తమిళం చదవలేని పెద్దలకు ఫారంలో ఏముందో ఇంట్లోవారు తెలుగులో విడమరచి చెప్పాలి.

తర్వాత పోలింగు తేదీకి ముందే, చెప్పిన రోజున అధికారుల బృందం ఇంటికి వస్తుంది. వెంట పోలీసు, వీడియో తీసేవారు ఉంటారు. ఎవరికి ఓటు వేశారో మాత్రం చిత్రీకరించరు. ఆ రోజు ఓటరు ఇంట్లో లేకపోతే మరొక్కసారి వస్తారు, ఆపైన రారు.

ఒక్క జాగ్రత్త
12-డి ఆమోదం పొందితే ఓటర్ల జాబితాలో పేరు ఎదుట తపాలా ఓటు గుర్తు పడుతుంది. ఇక పోలింగు కేంద్రంలో ఓటు వేయనివ్వరు. కాబట్టి కొడుకో కోడలో తమకు తోచినట్టు సంతకం పెట్టించకూడదు. నలుగురితో పాటు వరుసలో నిలబడి ఓటు వేయాలని ఆ పెద్దాయనకు, ఆ అమ్మకు ఉండవచ్చు. నిర్ణయం వారిదే.

కేంద్రానికే వెళ్తామనేవారు చక్రాల కుర్చీ సాయాన్ని ముందుగా కోరవచ్చు. చూపు లేనివారు 18 ఏళ్ళు నిండిన తోడును లోపలికి తీసుకువెళ్ళవచ్చు. ఓటింగు యంత్రం మీద బ్రెయిలీ అంకెలూ ఉంటాయి.

సందేహాలుంటే 1950 నంబరుకు ఫోన్ చేయండి. మీ వీధిలో ఇలాంటివారు ఉంటే ఈ సంగతి వారి చెవిన వేయవలసిందిగా మనవి.