దుబాసి యెవరివాడు?

యానామున కెదురుగా, గౌతమి కావలి యొడ్డున కోనసీమ యున్నది. యానాములో ఫ్రెంచివారు 1723లో వర్తకస్థానము నెలకొల్పి, 1727లో విడిచిపోయి, 1731లో మరల స్థిరపడిరి. వారికి కావలసినవి మన బట్టలు. నేతగాని మాట తెలుగు, దొర మాట ఫ్రెంచి, నవాబుగారి సన్నదు పారసీ. ఈ మూటినడుమ బేరము నడపినవాడు దుబాసి. రెండు భాషలవాడని పేరేకాని, రెంటితో వాని పని తీరెడిది కాదు.

పారసీ కాగితములలో అరబ్బీ మాటలు దట్టముగా నుండెను. వకీలు, అమీను, తహశీలు, హక్కు, జమ మొదలగునవి మన కచ్చేరీలలో తెలుగుమాటలే యైపోయినవి. కాబట్టి అరబ్బీమాటను ఫ్రెంచిలోనికి దింపు పని, పారసీ ముసుగులోనైనను, మన తీరమునకు క్రొత్త కాదు.

ఆ పనిలో నెంత ప్రమాద మున్నదో చూడుడు. 1753లో సలాబతుజంగు ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను ఫ్రెంచివారి కొసగెను. అది సైన్యపు జీతభత్యములకై వదలిన శిస్తు. శిస్తుపై హక్కు వేఱు, నేలపై హక్కు వేఱు. ఆ భేదము తర్జుమాలో నొక్క మాటతో నిలుచును, ఒక్క మాటతో మాయమగును.

బుస్సీదొరకు దివాను హైదరుజంగు. అతడు ఫ్రెంచి నేర్చినవాడు. దొరకు చెవియు నోరును నతడే. 1757లో బుస్సీ బొబ్బిలికోటపైకి నడచినప్పుడు, విజయరామరాజు పలుకు దొరచెవి కెక్కినది ఈ దివాను మూలముననే యని బొబ్బిలికథ విన్నవారు నేటికిని తలతురు. రంగారావు పక్షము వినిపించుటకు వేఱొక నోరుండెనా యని మే మడుగుదుము. మఱుసటి యేడే హైదరుజంగు హతుడయ్యెను. ఆ డిసెంబరులోనే చందుర్తికడ ఫ్రెంచివా రోడిరి.

ఈ ప్రశ్న నేడు కోనసీమ యిండ్లలోనికి వచ్చినది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి స్త్రీలు ఇంటిపనులకై కువైటు మొదలగు గల్ఫుదేశములకు పోవుచున్నారు. ఒడంబడిక అరబ్బీలో నుండును. ఆంగ్లప్రతి జతపడినను చదువురాని యామెకు రెండు నొకటే. 1983 నాటి వలసచట్టము దళారిని నమోదు కమ్మనుచున్నది, మంచిదే. కాని ఆ కాగితములో నేమున్నదో ఆమెకు చెప్పువాడు తఱచుగా నా దళారియే. ఆమె విమాన మెక్కిననే వానికి సొమ్ము. జీతమెంత, సెలవెన్నడు, తిరుగుదారి ఖర్చెవరిది అను మాటలు అట్టివాని నోట నెట్లు వెలువడునో చెప్ప నక్కఱలేదు.

పదియేండ్లు గల్ఫులో పనిచేసి తిరిగివచ్చిన స్త్రీలు మన గ్రామములలో నున్నారు. వారిలో ననేకులు అరబ్బీ ధారాళముగా మాటలాడుదురు, లిపి మాత్రము రాదు. వారికి లిపి నేర్పి, పంచాయతీలు కూలి యిచ్చి, సంతకమునకు ముందు ప్రతి యొడంబడికను తెలుగున చదివించవలెనని మా కోరిక. కూలి మాత్రము దళారిచేతిమీదుగా నీయరాదు.