మోత ఏ ఇరుసుది?

పాత కారు గంటకు 60 కిలోమీటర్లు దాటగానే కింద నుంచి హూం మని మోత మొదలవుతుంది. వేగం పెంచితే పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. బేరింగు పోయిందని ఒకరు, వెనక ఇరుసులోని పళ్ల చక్రాల జత, క్రౌన్ పినియన్, అరిగిందని మరొకరు, టైర్లు మార్చమని ఇంకొకరు చెబుతారు. ముగ్గురి మాటా నమ్మదగినదిగానే ఉంటుంది, ఎందుకంటే ఈ మూడింటి మోతా చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తుంది. మోటారు కారు పుట్టినప్పటి నుంచీ ఈ చిక్కు ఉంది. దాన్ని విప్పే విద్య ఎలా ఎదిగిందో పరిశీలిస్తే నాకు ఒక్క విషయం బలంగా తోస్తుంది: చప్పుడు ఎలా ఉందని అడిగినంతకాలం మనిషి ఊహల దగ్గరే ఆగాడు, అది దేనితో కలిసి తిరుగుతోందని అడగడం మొదలుపెట్టాకే రోగం పట్టుబడింది.

యంత్రం లోపలి సంగతి శబ్దం ద్వారా తెలుసుకోవచ్చన్న ఆలోచన కారు కంటే చాలా పాతది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 17వ శతాబ్దంలోనే ఆ మాట అన్నాడు. గడియారం లోపలి చక్రాల నడక బయటికి వినిపిస్తుంది కదా, అలాగే మిగతా వస్తువుల అంతర్భాగాల కదలికలనూ వినవచ్చని ఆయన ఊహ. ఆ రాత ఆయన పోయాక 1705లో అచ్చయింది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితాల దస్తాను గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు. అదే స్టెతస్కోపు అయింది. మెకానిక్ చేతికి వచ్చేసరికి ఆ గొట్టం ఇనుప కడ్డీ అయింది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు కప్పు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి వినే పద్ధతి నేటికీ ప్రతి షెడ్డులోనూ ఉంది. చోటు పట్టడానికి ఇది మంచి సాధనమే. అయితే కారు నిలబడి ఉంటేనే పనికొస్తుంది. 60 మీద వచ్చే మోత ఆగిన బండిలో ఉండదు. వేగానికి కట్టుబడిన చప్పుళ్ల దగ్గర ఈ వైద్యం అక్కడే చతికిలబడింది.

తొలినాటి కార్లలో ఈ లోటు ఎవరికీ పట్టలేదు. గొలుసులు, నిలువు పళ్ల గేర్లు, తెరిచిన బాడీ, రాళ్ల బాట, అన్నీ కలిసి చేసే రొదలో ఒక్క బేరింగు మూలుగు ఎవరికి వినపడుతుంది? కాబట్టి చప్పుడును గుర్తించే విద్యకు మొదట దారి వేసినవాళ్లు మెకానిక్‌లు కాదు, చప్పుడును తగ్గించినవాళ్లు. 1898లో హెన్రీ టిమ్‌కెన్ టేపర్ రోలర్ బేరింగుకు పేటెంటు పొందాడు. 1907లో స్వీడన్‌లో స్వెన్ వింగ్‌క్విస్ట్ తనంతట తాను సర్దుకునే బాల్ బేరింగు తయారుచేసి ఎస్.కె.ఎఫ్. సంస్థకు పునాది వేశాడు. అమెరికాలో గ్లీసన్ సంస్థ 1913లో వంపు పళ్ల బెవెల్ గేర్లు కోసే యంత్రం తెచ్చాక వెనక ఇరుసు ఊళ సగం అణిగింది. 1928లో క్యాడిలాక్ గేర్లు కరకరలాడకుండా కలిసే సింక్రోమెష్ గేరుబాక్సు తెచ్చింది. ఆ దశకంలోనే తెరిచిన బాడీల చోట మూసిన ఉక్కు బాడీలు వచ్చాయి. అవి బయటి రొదను ఆపాయి కానీ కింది మోతను పట్టుకుని మోగడం మొదలుపెట్టాయి. నిశ్శబ్దం పెరిగినకొద్దీ మిగిలిన ఒక్క మోత యజమానికి కొట్టొచ్చినట్టు వినపడింది, ఫిర్యాదుగా మారింది.

ఇక్కడే లెక్క రంగంలోకి వచ్చింది. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్‌నే తీసుకుందాం. దాని టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. 60 మీద బండి సెకనుకు 16.7 మీటర్లు పోతుంది, అంటే చక్రం సెకనుకు 8 చుట్లకు పైచిలుకు తిరుగుతుంది. క్రౌన్ వీలుకు 36 పళ్లు, పినియన్‌కు 8 పళ్లు అనుకుంటే నిష్పత్తి 4.5, గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు 37 చుట్లు దాటుతుంది. పళ్లు ఒకదానికొకటి తగిలేది సెకనుకు 300 సార్లు. కాబట్టి టైరు మీద బొబ్బ ఉంటే సెకనుకు 8 సార్లు దబదబమంటుంది. క్రౌన్ పినియన్ అరిగితే 300 కంపనాల సన్నని ఊళ వస్తుంది. ఇక బేరింగు. లోపలి రింగు తిరిగే రకంలో 10 గోళీలు ఉన్నాయనుకోండి. కదలని బయటి రింగు మీద పడ్డ గుంటను ఆ గోళీలు చక్రం ఒక్క చుట్టుకు సుమారు 4 సార్లు తొక్కుతాయి. వేగం ఎంత మారినా ఈ నిష్పత్తులు మారవు. మోత గొంతు మారవచ్చు, గ్రీజు వేస్తే మెత్తబడవచ్చు, చుట్టుకు ఎన్నిసార్లన్న లెక్క మాత్రం తప్పదు.

ఈ లెక్కలోనూ ఒక మెలిక ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర ఉండే యూజే క్రాస్ (యూనివర్సల్ జాయింటు) ఒక్క చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని హుక్ జాయింటు అని పిలిచేది పైన చెప్పిన హుక్ పేరుతోనే. నాలుగు సిలిండర్ల ఇంజనులో కూడా ఒక్క చుట్టుకు రెండుసార్లే పేలుడు జరుగుతుంది. టాప్ గేరులో షాఫ్టూ ఇంజనూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి రెండూ సెకనుకు 75 సార్లే మోగుతాయి. లెక్క ఇక్కడ చేతులెత్తేసినట్టు కనిపిస్తుంది. అదే 60 మీద మూడో గేరుకు దిగి చూడండి: ఇంజను లెక్క పెరుగుతుంది, షాఫ్టు లెక్క అక్కడే ఉంటుంది. న్యూట్రల్‌లో వదిలినా మోత ఆగకపోతే తప్పు ఇంజనులో కాదు, చక్రాలతో పాటు తిరిగే భాగాల్లో ఉంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా మరో ఊళ్లోనైనా అనుభవమున్న మెకానిక్ బండి ఎక్కి చేసే పని ఇదే. అతను కాగితం మీద గుణించడు. ఇంజను వేగాన్నీ బండి వేగాన్నీ విడదీసి, మోత ఎవరి వెంట పోతుందో చూస్తాడు.

మంచి మెకానిక్ ఇవేమీ లేకుండా చెవితోనే చెప్పేస్తాడు కదా, అనవచ్చు. చెప్పగలడు, చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. కానీ మెట్లు మెట్లుగా అరిగిన టైరు మోతను హబ్ బేరింగు మోతగా పొరబడి కొత్త బేరింగు వేయించుకున్నవాళ్లకు కొదవ లేదు. పైగా శబ్దం ఇనుములో ప్రయాణించి బాడీ ఎక్కడ పలుచగా ఉంటే అక్కడ బయటపడుతుంది. ముందు చక్రం మోత సీటు కింద వినిపిస్తుంది. ఒక పరిమితిని మాత్రం ఒప్పుకోవాలి. లెక్క ఏ భాగమో చెబుతుంది, కుడో ఎడమో చెప్పదు. దానికి బరువు మార్చి చూడాలి. ఖాళీ రోడ్డు మీద బండిని మెల్లగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత హెచ్చితే అనుమానం కుడి బేరింగు మీద. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డెక్కగానే మోత మారితే టైరు. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు మరో రకంగా ఊళ వేస్తే క్రౌన్ పినియన్. ఇవన్నీ ఒకే ప్రశ్నకు రూపాలు: ఏది మారిస్తే మోత మారుతోంది?

1983లో మారుతి 800 వచ్చాక మన షెడ్లలో పాత చప్పుళ్ల కుటుంబం ఒకటి క్రమంగా అరుదైపోయింది. ముందు చక్రాలే నడిపే ఆ బండికి పొడుగాటి షాఫ్టు లేదు, వెనక క్రౌన్ వీలు లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు జాయింట్లు చేసే కటకట ఆ పాత చప్పుళ్లకు బదులుగా వచ్చింది. పేర్లు మారాయి, అడిగే తీరు మారలేదు.

పరికరాలు వచ్చిందీ ఈ దారినే. 1939లో రాత్‌బోన్ అనే అమెరికన్ ఇంజనీరు యంత్రాల అదురు ఎంతవరకు క్షమించవచ్చో పట్టిక గీశాడు. కంపనాల సంఖ్యను బట్టి తీర్పు చెప్పడం అందులోని విశేషం. 1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు కలగాపులగపు శబ్దాన్ని విడి కంపనాలుగా వేగంగా విడదీసే గణిత పద్ధతి ప్రచురించారు. నేడు ఫోనులోని యాప్ సెకనుకు 75, 300 దగ్గర శిఖరాలు గీసి చూపేది ఆ పద్ధతితోనే. ఆ శిఖరం ఎవరిదో చెప్పడానికి మాత్రం పళ్ల సంఖ్య, టైరు కొలత తెలియాల్సిందే. కారు కంప్యూటరే అన్నీ చెబుతుందన్న నమ్మకానికీ ఆధారం తక్కువ. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయిన ఓబీడీ-2 అనే స్వీయ పరీక్షా వ్యవస్థ ప్రధానంగా పొగ నియంత్రణ కోసం పుట్టింది. ఇంజనులో పేలుళ్లు తప్పుతుంటే అది పట్టుకుంటుంది. హబ్ బేరింగు మూలుగును వినడం దాని పనే కాదు.

ఇప్పుడు కరెంటు కార్లు పాతబడే కాలం దగ్గరపడుతోంది. ఇంజను రొద లేదు కాబట్టి టైరు, బేరింగు, గేరు మోతలు మునుపటికంటే తేటగా వినిపిస్తాయి. కానీ వాటిలో చాలావాటికి గేర్లు మార్చే వీలు లేదు, క్లచ్ లేదు. మోటారూ చక్రమూ ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తిరుగుతాయి. న్యూట్రల్‌లో వదిలినా మోటారు చక్రంతో పాటే తిరుగుతూ ఉంటుంది. రెండు వేగాలను విడదీసే పాత పరీక్ష అక్కడ సాగదు. ఇక మిగిలేవి పెడలు నొక్కి చూడడం, వదిలి చూడడం, పక్కకు తిప్పి బరువు మార్చడం, చివరికి బండిని పైకెత్తి పళ్ల సంఖ్య పుస్తకం పక్కన పెట్టుకుని కంపనాలు లెక్కించడం.