ఆహారం – వారసత్వం: కొత్తరెడ్డిపాలెం బెనె ఎఫ్రాయిమ్ సముదాయం

1. ఉపోద్ఘాతం

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాతృభాషగా గల యూదు సముదాయం ఉంది. ‘బెనె ఎఫ్రాయిమ్’ అంటే ఎఫ్రాయిము సంతతి. వీరు ప్రధానంగా మాదిగలు. వీరి పూర్వులు క్రైస్తవం స్వీకరించారు. షమూయేలు యాకోబీ, సాదోకు యాకోబీ సోదరుల నాయకత్వంలో 1980ల చివర యూదులుగా ప్రకటించుకొన్నారు. 1990ల తొలినాళ్లలో సమాజమందిరం నెలకొల్పుకొన్నారు. క్రీ.పూ. 722లో అష్షూరీయుల దండయాత్రతో చెదిరిన ఇశ్రాయేలు గోత్రాల్లో తమదొకటని వీరి విశ్వాసం. ఈ వాదంలో ఆహారానికి గల స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. ఆహారమే సాక్ష్యం

ఈ వలసకు లిఖితాధారాలు లేనందున సముదాయం తన ఆచారాలనే సాక్ష్యంగా చూపుతుంది. యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్‌ల ‘ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ (2013) ఈ వాదాలను క్షేత్రపరిశోధనతో నమోదు చేసింది. వాటిలో గోమాంసభక్షణ ముఖ్యమైనది. అంబేడ్కర్ ‘ది అన్‌టచబుల్స్’ (1948)లో అస్పృశ్యతకు గల కారణాల్లో దీనిని ప్రధానంగా పేర్కొన్నారు. కులసమాజం నిందగా మోపిన ఆహారమే ఇక్కడ ప్రాచీన వారసత్వానికి చిహ్నమైంది.

హంగేరీలో ఇందుకు భిన్నమైన పరిణామం కనిపిస్తుంది. విశ్రాంతిదినాన నిప్పు రాజేయరాదు గనుక అక్కడి యూదులు చిక్కుడుగింజల ‘షోలెత్’ను శుక్రవారమే పొయ్యిమీద ఉంచేవారు. కాలక్రమంలో ఆ వంటకాన్ని యూదేతరులూ స్వీకరించారు. కొత్తరెడ్డిపాలెంలో మాత్రం అప్పటికే ఉన్న ఆహారానికి యూదు అర్థం ఏర్పడింది.

3. ధర్మశాస్త్రంతో ఘర్షణ

ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం ఎద్దును తినదగిన జంతువుగా పేర్కొని, పందిని నిషేధించింది. అదే అధ్యాయం 21వ వచనం చచ్చిన పశువును తినరాదంటుంది. ఊరిలో చచ్చిన పశువులను తొలగించడం మాదిగలపై మోపిన వెట్టి. ఆ మాంసాన్ని తినవలసిరావడం పేదరికపు ఫలితం. కనుక ఒకే అధ్యాయం వీరి గోమాంసభక్షణను సమర్థిస్తూనే, వెట్టి మిగిల్చిన ఆహారాన్ని నిరాకరిస్తోంది. గోమాంసాన్ని వారసత్వంగా చూపే వాదం ఈ రెండవ అంశానికీ సమాధానం చెప్పవలసి ఉంటుంది.

4. ముగింపు

ఈశాన్య భారతానికి చెందిన బ్నెయి మెనాషే సముదాయాన్ని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. బెనె ఎఫ్రాయిమ్‌కు అటువంటి గుర్తింపు లభించలేదు. మరోవైపు 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధేతరులకు ఆ హోదా లేదు. ఇంతటి నష్టానికి అవకాశమున్నా ఈ సముదాయం యూదు గుర్తింపునే కోరుకొంది. గోత్రమూలం రుజువు కాకపోయినా, తమ ఆహారానికి అర్థం చెప్పే అధికారాన్ని దళితులు తమ చేతుల్లోకి తీసుకొన్న సందర్భంగా ఈ చరిత్ర అధ్యయనానికి అర్హమైనది.