వెన్నుపాములో నిరోధక వలయాలు

వెన్నుపాములో, కండరాలను కదిలించే చాలక నాడీకణాలను ఆపే చిన్న చిన్న నాడీకణాల అల్లికను నిరోధక వలయాలు అంటారు. మోచెయ్యి మడిచినప్పుడు ముందున్న కండరం బిగుస్తుంది, వెనకున్నది సడలుతుంది. సడలకపోతే రెండూ చెరో వైపు లాగి చెయ్యి కొయ్యబారిపోతుంది. ఆ సడలింపు దానంతటదే జరగదు, వెన్నుపాము పనిగట్టుకుని చేయిస్తుంది. ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది.

ఈ వలయాలు పనిచేయకపోతే ఏమవుతుందో మాత్రం, అవి ఉన్నాయని తెలియక ముందే జనం కళ్లారా చూశారు. ధనుర్వాతం అన్న పేరులోనే అది ఉంది: వీపు కండరాలన్నీ ఒక్కసారిగా బిగిసి రోగి ఒళ్లు విల్లులా వంగిపోతుంది. ముష్టి గింజల విషం ఎక్కినవారికీ ఇలాంటి ఈడ్పులే వస్తాయి. ముష్టి జాతి మొక్కల విషం వెన్నుపాము మీద పనిచేస్తుందని 1809లో ఫ్రాన్సులో మజాండీ జంతువులపై ప్రయోగాలతో చూపాడు. 1818లో పెల్టియే, కవెంటూ ఆ విషాన్ని విడదీసి స్ట్రిక్నిన్ అన్నారు. చూసేవారికి అది నాడులను రెచ్చగొట్టే విషంలాగే కనబడుతుంది. నిజానికి అది ఎవరినీ రెచ్చగొట్టదు, ఆపేవారి నోరు నొక్కేస్తుంది.

నాడులు ఆపగలవు కూడా అన్న ఊహకు తొలి బలం గుండె నుంచి వచ్చింది. గుండెకు వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె ఆగుతుందని 1845లో వెబర్ సోదరులు చూపారు. 1862లో పారిస్‌లో, క్లాడ్ బెర్నార్డ్ ప్రయోగశాలలో, రష్యన్ శాస్త్రవేత్త సెచెనోవ్ కప్ప మెదడును కోసి ఆ కోతపై ఉప్పు స్ఫటికం పెట్టాడు. పలుచని ఆమ్లంలో ముంచిన కాలును కప్ప మామూలు కంటే ఆలస్యంగా వెనక్కి తీసుకుంది. అంటే మెదడు నుంచి వెన్నుపాముకు ఆపే ఆజ్ఞ వెళ్తోందన్నమాట.

ఆ ఆపడం వెన్నుపాములో ఎలా జరుగుతుందో విప్పి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన చార్లెస్ షెరింగ్టన్. పిల్లి కాలిని ముడిచే కండరం బిగిసినప్పుడల్లా దాన్ని చాచే కండరం సడలుతోందని గమనించాడు. అస్థి కండరాలకు ఆపే నాడులు వేరుగా లేవు కాబట్టి, ఈ పని వెన్నుపాము లోపలే జరగాలని తేల్చాడు. స్ట్రిక్నిన్ గానీ ధనుర్వాత విషం గానీ ఇచ్చి చూస్తే, అంతకుముందు సడలించిన ప్రేరణకే కండరం బిగుసుకుంది. పాత విషాలు రెండూ ఇక్కడ కొత్త సాక్ష్యాలయ్యాయి. 1932లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు కూడా ఆయన ఉపన్యాసానికి ఎంచుకున్న విషయం నిరోధమే.

1911లో గ్రాహమ్ బ్రౌన్ మరో అడుగు వేశాడు. మెదడుతో సంబంధం తెంచి, కాళ్ల నుంచి వచ్చే సంవేదనలనూ ఆపేసినా, పిల్లి వెన్నుపాము నడక లయను పుట్టించింది. ముడిచే కేంద్రం, చాచే కేంద్రం వంతులవారీగా ఒకదాన్నొకటి ఆపుకుంటాయని ఆయన ప్రతిపాదన. దశాబ్దాల పాటు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960లలో స్వీడన్‌లో లుండ్‌బర్గ్ బృందం మళ్లీ వెలికి తీసింది.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించే ఘట్టం 1951 ఆగస్టులో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో జరిగింది. షెరింగ్టన్ శిష్యుడు జాన్ ఎకల్స్ నాడీకణాల మధ్య సంకేతం విద్యుత్తుగానే దాటుతుందని, రసాయనంగా కాదని ఏళ్ల తరబడి వాదించాడు. నమ్మకాన్ని ఖండించడానికి వీలయ్యేంత స్పష్టంగా చెప్పాలని తత్వవేత్త కార్ల్ పాపర్ ఆయనను ప్రోత్సహించాడు. బ్రాక్, కూంబ్స్‌లతో కలిసి ఎకల్స్ సన్నని గాజు సూదిని పిల్లి చాలక నాడీకణం లోపలికి దింపాడు. ఆపే సంకేతం రాగానే కణం లోపలి వోల్టేజి మరింత రుణాత్మకమైంది. తన సిద్ధాంతం చెప్పినదానికి ఇది విరుద్ధం. ఎకల్స్ వెంటనే ఓటమి ఒప్పుకుని రసాయన పక్షానికి వచ్చేశాడు. 1963లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అంతకుముందే, 1940లలో, అమెరికాకు చెందిన బర్డ్సీ రెన్షా ఇంకో వలయాన్ని పసిగట్టాడు. చాలక నాడీకణం కండరానికి పంపే తంతువు నుంచి ఒక పాయ వెన్నుపాములోకే వెనుదిరిగి మరో చిన్న కణాన్ని లేపుతుంది, అది ఆ చాలక కణాన్నే అదుపు చేస్తుంది. 1954లో ఎకల్స్ బృందం ఆ కణాలకు రెన్షా పేరే పెట్టింది. అప్పటికి ఆయన లేడు. 1948లో పోలియోతో చనిపోయాడు. పోలియో దెబ్బతీసేది వెన్నుపాములోని చాలక నాడీకణాలనే.

ఆపే రసాయనం గ్లైసిన్ అని 1960లలో ఆప్రిసన్, వెర్మన్ చూపాక పాత చిక్కుముడి విడింది. స్ట్రిక్నిన్ గ్లైసిన్ గ్రాహకాలను మూసేస్తుంది. ధనుర్వాత విషం గ్లైసిన్, మరో ఆపే రసాయనమైన గాబా, ఈ రెండింటి విడుదలనే అడ్డుకుంటుంది. గ్లైసిన్ గ్రాహకపు జన్యువులో లోపంతో పుట్టిన పసిపిల్లలు చిన్న చప్పుడుకే ఒళ్లు బిగదీసుకుంటారని 1993లో తెలిసింది.

ఇప్పుడు పరిశోధన ఎలుకల జన్యువుల మీద నడుస్తోంది. 'వీ1' అనే నిరోధక కణాలు లేని ఎలుకల నడక లయ నెమ్మదించిందని 2006లో గుల్డింగ్ బృందం ప్రకటించింది. ఆపేవి పోతే వేగం పెరుగుతుందనుకుంటాం, జరిగింది వేరు. 2014లో వీ1తో పాటు 'వీ2బి' అనే నిరోధక కణాలనూ పనిచేయకుండా చేస్తే ముడవడం, చాచడం మధ్య వంతు చెడిపోయింది.

వెన్నుపాము దెబ్బతిన్నవారి కాళ్లు బిగుసుకుపోతే ఇచ్చే బాక్లోఫెన్, గాబాను అనుకరించే మందు. 1962లో మూర్ఛకని తయారుచేశారు, ఉపయోగపడింది కండరాల బిగువుకు. 1984లో దాన్ని నేరుగా వెన్నుపాము ద్రవంలోకి ఇచ్చి చూశారు. బిగువు తీవ్రంగా ఉన్నవారికి ఇప్పుడు పొట్ట చర్మం కింద చిన్న పంపు అమర్చి, సన్నని గొట్టం ద్వారా ఆ మందును వెన్నుపాముకు చేరుస్తున్నారు.