గౌను తొడుక్కుని 201 దొంగతనాలు

బేస్‌బాల్‌లో దొంగతనం తప్పు కాదు, అదో విద్య. మన క్రికెట్ భాషలో చెప్పాలంటే, బౌలర్ బంతి వదిలేలోపే నాన్-స్ట్రైకర్ పరుగు లంకించుకోవడం లాంటిదన్నమాట. బ్యాటర్ బంతిని కొట్టకపోయినా సరే, పిచ్చర్ కళ్ళుగప్పి తరువాతి బేస్‌కి ఉరకాలి. క్యాచర్ విసిరిన బంతి వచ్చేలోపు నేలమీద జారుతూ వెళ్ళి బేస్‌ని తాకాలి. ఆలస్యమైతే అవుట్.

1900 తరువాత మగవాళ్ళ మేజర్ లీగ్‌లో ఒక సీజన్ రికార్డు రికీ హెండర్సన్‌ది. 1982లో 130 దొంగతనాలు. ఆ ఏడే 42 సార్లు దొరికిపోయాడు కూడా.

ఇప్పుడిది చూడండి. 1946లో సోఫీ కూరిస్ అనే ఇరవయ్యొక్కేళ్ళ అమ్మాయి 203 సార్లు ప్రయత్నించి 201 సార్లు నెగ్గింది. నాలాగా కోడు రాసుకుని బతికేవాళ్ళకి ఈ అంకె చూపిస్తే ముందు డేటాలో బగ్ ఉందేమో అంటారు. బగ్ లేదు.

ఇంతకీ ఎక్కడిదీ లీగ్? రెండో ప్రపంచ యుద్ధంలో ఆటగాళ్ళంతా సైన్యంలోకి పోతుంటే, స్టేడియాలు బోసిపోతాయేమోనని చూయింగ్ గమ్ వ్యాపారి, షికాగో కబ్స్ యజమాని ఫిలిప్ రిగ్లీ 1943లో నాలుగు జట్లతో ఆడవాళ్ళ లీగ్ పెట్టించాడు. వారానికి 45 నుంచి 85 డాలర్ల జీతం. మిషిగన్‌లోని ఫ్లింట్ నుంచి వచ్చిన సోఫీ, రసీన్ బెల్స్ జట్టులో చేరింది.

జీతంతో పాటు షరతులు కూడా వచ్చాయండోయ్! అమ్మాయిలు మగరాయుళ్ళలా కనబడకూడదట. లిప్‌స్టిక్ తప్పనిసరి. పగలు ప్రాక్టీసు, సాయంత్రం హెలెనా రూబిన్‌స్టైన్ బ్యూటీ సెలూన్ వాళ్ళ దగ్గర నడక, కూర్చోవడం నేర్చుకునే క్లాసులు. ప్యాంటు లేదు, పొట్టి గౌనే యూనిఫాం.

అసలు కథ ఇక్కడే ఉంది. గౌను వేసుకుని గరుకు నేలమీద జారితే ఏమవుతుంది? తొడ చర్మం లేచిపోతుంది. ఆ ఎర్రటి దెబ్బల్ని వాళ్ళు 'స్ట్రాబెర్రీలు' అనేవారు. ఒకటి మానేలోపు దానిమీదే ఇంకొకటి. మొత్తం కెరీర్‌లో సోఫీ దొంగిలించిన బేస్‌లు 1114. గ్యాలరీలో కూర్చున్నవాళ్ళ కంటికి ఇంపుగా ఉండాలని ఎవరో తీసుకున్న నిర్ణయానికి ఆ అమ్మాయి ఒంటితో బాకీ కట్టింది.

1946 ఫైనల్ సిరీస్ ఆరో ఆట రసీన్‌లోని హార్లిక్ ఫీల్డ్‌లో జరిగింది. అన్నట్టు, ఆ హార్లిక్ మన ఇళ్ళలో జ్వరం వచ్చినప్పుడు కలిపిచ్చే హార్లిక్స్ తాలూకు హార్లిక్కే! ఆ కంపెనీ పెరిగింది ఈ రసీన్‌లోనే. ప్రత్యర్థి రాక్‌ఫర్డ్ పీచెస్. పదమూడు ఇన్నింగ్స్ దాకా ఎవరికీ ఒక్క పరుగూ లేదు. పద్నాలుగోదాంట్లో సోఫీ సింగిల్ కొట్టి, రెండో బేస్ దొంగిలించింది. మూడోదానికి పరుగు మొదలెట్టగానే బెటీ ట్రెజా బంతిని కుడివైపుకి కొట్టింది. సోఫీ ఆగలేదు. హోమ్ ప్లేట్‌కి జారుకుంటూ వచ్చింది. 1-0. కప్పు బెల్స్‌దే. మగవాళ్ళదైనా ఆడవాళ్ళదైనా తను చూసిన ఆటల్లో ఇదే గొప్పదన్నాడు లీగ్ అధ్యక్షుడు మ్యాక్స్ కేరీ. ఆయన ఆషామాషీ మనిషి కాదు, మేజర్ లీగ్‌లో 738 బేస్‌లు దొంగిలించినవాడు.

బేస్‌ల మధ్య దూరం మగవాళ్ళ ఆటలోకన్నా తక్కువ కదా అంటారేమో. నిజమే, అందుకే సోఫీ హెండర్సన్ కన్నా గొప్పదని నేననను. కానీ అదే నేలమీద, అదే దూరంలో మిగతా అమ్మాయిలూ పరిగెత్తారు. 201 ఎవరికీ రాలేదే! ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. లీగ్ నడిచిన పన్నెండేళ్ళలో ఒక్క నల్లజాతి అమ్మాయికీ అందులో చోటు దొరకలేదు.

1954లో లీగ్ మూతపడింది. 1988లో కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆడవాళ్ళ ఆటకి ఒక ప్రదర్శన పెట్టారు, కానీ ఈ లీగ్‌లో ఆడినవాళ్ళలో ఒక్కరినీ విడిగా సభ్యురాలిగా ఎన్నుకోలేదు. 2024లో నీగ్రో లీగ్‌ల అంకెల్ని మేజర్ లీగ్ తన రికార్డుల్లో కలుపుకుంది. మంచిపనే. ఆడవాళ్ళ అంకెలు మాత్రం బయటే ఉండిపోయాయి. సోఫీ 2013లో ఆరిజోనాలో కన్నుమూసింది.

ఈ లీగ్ మీద 1992లో 'ఎ లీగ్ ఆఫ్ దైర్ ఓన్' అనే సినిమా వచ్చింది. వీలైతే చూడండి. అందులో ఒకమ్మాయి తొడమీద పెద్ద దెబ్బ కనిపిస్తుంది. అది మేకప్ కాదు, షూటింగులో గౌనుతో జారినప్పుడు ఆ నటికి నిజంగానే తగిలింది. అది చూసి, 201తో హెచ్చవేసుకోండి.