సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లు మారిస్తే ప్రభుత్వం డబ్బిస్తుందా? కాలిఫోర్నియా పథకం ఏం చెబుతోంది?

మీరు పాలు, ఐస్‌క్రీమ్ కొనే సూపర్‌మార్కెట్‌లో ఫ్రీజర్లన్నీ పైపులతో ఒకే కంప్రెసర్ వ్యవస్థకు కలిసి ఉంటాయి. అందులో తిరిగే గ్యాస్ లీకైతే యజమానికి ఖర్చు, వాతావరణానికి నష్టం. అందుకే గ్యాస్ మార్చుకునే దుకాణాలకు కాలిఫోర్నియా ప్రభుత్వం గ్రాంట్లు ఇచ్చింది. అక్కడ కిరాణా దుకాణం నడిపే తెలుగువారికీ ఈ నిబంధనలు వర్తిస్తాయి.

గ్యాస్‌తో సమస్య ఏంటి?

పాత వ్యవస్థల్లో ఎక్కువగా ఉండే ఆర్-404ఏ ఒక్క కిలో గాలిలో కలిస్తే, సుమారు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో సగటు సూపర్‌మార్కెట్‌లో దాదాపు 1,800 కిలోల గ్యాస్ ఉంటుంది. ఏటా అందులో పావు వంతు లీకవుతుంది. అదంతా ఆర్-404ఏ అయితే 380కి పైగా కార్లు ఏడాదిలో వదిలే పొగతో సమానం.

ప్రత్యామ్నాయాలు ఏమున్నాయి?

కార్బన్ డయాక్సైడ్‌నే (ఆర్-744) శీతలీకరణకు వాడొచ్చు. దాని ప్రభావం 1 మాత్రమే. చిన్న ఫ్రీజర్లకు ప్రొపేన్ (ఆర్-290) ఉంది. అయితే ఆర్-744 పీడనం చాలా ఎక్కువ. పాత పైపుల్లో నింపడం కుదరదు, వ్యవస్థ మొత్తం మార్చాలి. అసలు భారం అక్కడే.

డబ్బు ఎలా వచ్చింది?

2018లో చేసిన చట్టంతో 'ఎఫ్-గ్యాస్ రిడక్షన్ ఇన్సెంటివ్ ప్రోగ్రామ్' ఏర్పడింది. కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు (కార్బ్) దీన్ని చూస్తుంది. 2019-20 బడ్జెట్‌లో 10 లక్షల డాలర్లు, 2021-22లో 4 కోట్ల డాలర్లు కేటాయించారు. బడ్జెట్‌లో నిధులిచ్చినప్పుడే దరఖాస్తులు తీసుకుంటారు కాబట్టి ముందుగా కార్బ్ వెబ్‌సైట్ చూడండి.

మార్చకపోతే ఏమవుతుంది?

50 పౌండ్లకు (సుమారు 23 కిలోలు) మించి గ్యాస్ పట్టే వ్యవస్థలకు గడువులున్నాయి.

- 2022 జనవరి 1 నుంచి కొత్త దుకాణాల్లో 150 కంటే తక్కువ ప్రభావమున్న గ్యాస్ మాత్రమే వాడాలి.
- రాష్ట్రంలో 20 లేదా అంతకు మించి దుకాణాలున్న కంపెనీలకు 2026, 2030 గడువులు.
- 20 కంటే తక్కువ ఉంటే 2030. అప్పటికి దుకాణాలన్నింటి సగటు ప్రభావం 1,400 లోపు ఉండాలి, లేదా మొత్తం ఉద్గార సామర్థ్యం 2019తో పోలిస్తే 55 శాతం తగ్గాలి.

యజమాని ఏం చేయాలి?

1. కంప్రెసర్ ప్లేట్ మీద గ్యాస్ పేరు, పరిమాణం చూసుకోండి.
2. ఏటా ఎంత గ్యాస్ నింపించారో బిల్లులు తీయండి. లీక్ నష్టం అందులోనే తెలుస్తుంది.
3. వెంటనే మొత్తం మార్చలేకపోతే ఆర్-448ఏ లాంటి 1,400 లోపు గ్యాస్ పాత వ్యవస్థకు సరిపోతుందేమో మెకానిక్‌ను అడగండి.
4. గ్రాంట్ కోసం చూస్తుంటే, మంజూరు కాకముందే కొనుగోలు ఒప్పందంపై సంతకం చేయకండి. చేసేసిన ఖర్చుకు గ్రాంట్ రాకపోవచ్చు.

మన దేశంలో?

కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. ఇలాంటి గ్యాసుల వాడకాన్ని 2028లో ఒక స్థాయి దగ్గర ఆపి, 2032 నుంచి తగ్గించి, 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. ఇప్పుడు కొనే ఫ్రీజర్ పదేళ్లకు పైగా పనిచేస్తుంది. కాబట్టి దుకాణానికి కొనేటప్పుడు స్టార్ రేటింగ్‌తో పాటు గ్యాస్ పేరు కూడా అడగండి.