ఫొటోల సవరణ, విస్తరణ: కృత్రిమ మేధ దాకా

ఫొటోలో అక్కర్లేనిదాన్ని తీసేయడం, చెడిన చోటును బాగుచేయడం, అంచు దాటి దృశ్యాన్ని పొడిగించడం ఇప్పుడు కృత్రిమ మేధ చేస్తున్న పనులు. వీటి చరిత్ర అర్థం కావాలంటే ప్రతి దశలోనూ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఖాళీలో నింపిన బొమ్మ ఎక్కడినుంచి వచ్చింది?

నెగెటివ్‌ల కాలంలో అది టచింగ్ చేసే మనిషి చేతిలోంచి వచ్చేది. నెగెటివ్‌లో పలుచగా కనిపించే ముడత మీద సన్నటి పెన్సిలుతో గీస్తే, ప్రింటులో అక్కడ వెలుగు పెరిగి ముడత మాయమయ్యేది. ఈ నేర్పు దుర్వినియోగమూ అయింది. మాస్కో-వోల్గా కాలువ గట్టున తీసిన ఒక ఫొటోలో సోవియట్ నేత స్టాలిన్ పక్కన నిలబడ్డ, రహస్య పోలీసు అధిపతిగా పనిచేసిన నికొలాయ్ యెజోవ్‌ను 1940లో కాల్చి చంపాక, ఆ ఫొటోలోంచీ చెరిపేశారు. అతను నిలబడ్డ చోట కాలువ నీళ్లు వేశారు.

1990లో వచ్చిన ఫొటోషాప్‌తో నింపే సరుకు అదే ఫొటోలోంచి రావడం మొదలైంది. పక్కనున్న గోడ ముక్కను స్టాంపులా తెచ్చి మచ్చ మీద అద్దేవారు. ఆ ముక్కను వెతికే పని కూడా కంప్యూటర్‌కు అప్పగించాలని పరిశోధకులు పూనుకున్నారు. 2000లో బెర్తల్మియో బృందం, చుట్టూ ఉన్న గీతలను ఖాళీలోకి సాగదీసే పద్ధతిని ప్రకటించింది. గీతలు పడ్డ పాత ఫొటోలకు అది బాగా పనికొచ్చింది కానీ ఖాళీ పెద్దదైతే మసకబారేది. 2009లో వచ్చిన ప్యాచ్‌మ్యాచ్ పోలికగల ముక్కలను చాలా వేగంగా వెతికిపెట్టింది. మరుసటి ఏడాదే ఫొటోషాప్‌లో 'కంటెంట్-అవేర్ ఫిల్' వచ్చింది. అయితే ఫొటోలో లేనిదాన్ని ఈ పద్ధతులేవీ తేలేవు.

ఈ హద్దును దాటింది అంతకుముందే, 2007లోనే జేమ్స్ హేస్, అలెక్సీ ఎఫ్రోస్ చేసిన ప్రయోగం. 20 లక్షలకు పైగా ఫొటోల్లో వెతికి, సరిపోయే దృశ్యాన్ని తెచ్చి ఖాళీలో అతికించారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఇక్కడినుంచి ఒకరి ఫొటోలోని లోటును ఇతరుల ఫొటోలు పూడ్చడం మొదలైంది. 2016లో దీపక్ పాఠక్, సహచరులు న్యూరల్ నెట్‌వర్క్‌కు మధ్యలో కత్తిరించిన చిత్రాలిచ్చి, పోయిన భాగాన్ని ఊహించడం నేర్పారు. 2020 తర్వాత డిఫ్యూజన్ మోడళ్లు ముందుకొచ్చాయి. ఇవి చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, చుట్టుపక్కల చిత్రంతో పొసగేలా మెట్టుమెట్టుగా దాన్ని తేటపరుస్తాయి. 2022 ఆగస్టులో మాటల్లో చెబితే బొమ్మ గీసే డాల్-ఇ 2కు చిత్రాన్ని అంచుల బయటికి పెంచే సదుపాయం వచ్చింది. 2023లో ఫొటోషాప్ కూడా మాటల్లో చెబితే నింపే, పొడిగించే పరికరాలను చేర్చుకుంది.

విస్తరణకు ఆదర్శమనదగ్గ ఉదాహరణ ఫొటో కాదు, చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన 'నైట్ వాచ్'. 1715లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాల్ గోడకు పట్టలేదని ఆ చిత్రాన్ని నాలుగు వైపులా కోసేశారు. అంతకుముందే గెరిట్ లుండెన్స్ దానికి చిన్న నకలు వేశాడు. రైక్స్‌మ్యూజియం ఆ నకలును ఆధారం చేసుకుని, రెంబ్రాంట్ శైలిని కంప్యూటర్‌కు నేర్పి, పోయిన భాగాలను ముద్రించి 2021లో అసలు చిత్రం చుట్టూ అమర్చింది. ఎడమవైపు ఇద్దరు మనుషులు, ఒక పిల్లవాడు తిరిగొచ్చారు. అక్కడ యంత్రం రంగుల తీరును అనుకరించింది తప్ప మనుషులను కల్పించలేదు.

ఇంటి ఫొటోలకు అలాంటి నకలు ఉండదు. మన ఊళ్లలో చనిపోయినవారి ఫొటోకు ఫ్రేము కట్టించాలంటే తరచుగా దొరికేది పెళ్లి గ్రూపు ఫొటోనే. పక్కవాళ్ల వెనక దాగిన భుజాన్నీ చీర కొంగునూ ఇప్పుడు కృత్రిమ మేధ క్షణాల్లో పూరిస్తుంది. కొంగు వరకు నష్టం లేదు. మసకబారిన ముఖాన్ని తేటపరచమంటేనే చిక్కు, ఎందుకంటే అది చూపే కళ్లూ పెదవులూ వేలమంది ముఖాలు చూసి వేసిన అంచనా. 2020లో పల్స్ అనే పరికరం బరాక్ ఒబామా మసక ఫొటోను తెల్లజాతి మనిషి ముఖంగా మార్చింది. అందుకే స్టూడియోవారు మార్చిన ప్రతితోపాటు అసలు స్కానును కూడా ఇంటివారికి ఇవ్వాలి.

ఏ భాగం కల్పితమో నమోదు చేసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. 2021లో ఏర్పడిన సి2పిఎ కూటమి, ఫొటోకు జరిగిన మార్పులను ఫైలుతోపాటే భద్రపరిచే ప్రమాణాన్ని రూపొందించింది. అయితే స్క్రీన్‌షాట్ తీస్తే ఆ వివరాలు ఊడిపోతాయి. 2023లో గూగుల్ తెచ్చిన సింథ్‌ఐడి, కంటికి కనిపించని గుర్తును పిక్సెళ్లలోనే దాచి ఈ లోపాన్ని కొంత పూడుస్తోంది.